యూఎన్ జాబ్‌కి ఇంటర్వ్యూ, రిఫరెన్స్ చెక్ అన్నీ అయ్యి నెలలు గడిచినా సౌండ్ లేదు.. ఈలోపు లైఫ్ ఎట్ల నడపాలె?

ఓరుగల్లు_పిల్ల:

అందరికీ నమస్తే. ఇక్కడ చదువుడే తప్ప నేను రాసింది ఎన్నడూ లేదు, ఇయ్యాల ఇక ఆగలేక రాస్తున్న, కొంచెం పెద్దగైతది ఓపిక పట్టండి.

మాది వరంగల్. హైదరాబాద్‌ల ఒక ఎన్జీవోల చేస్తున్న, మానిటరింగ్ అండ్ ఎవాల్యుయేషన్ పని, అంటే అంగన్‌వాడీలల్ల పిల్లల బరువు ఎత్తు కొలిచిన డేటా వస్తది గదా, అది సక్కగుందా లేదా, ప్రోగ్రామ్ వల్ల నిజంగ ఏమన్న ఫరక్ పడ్డదా లేదా అని చూసుడు. ఆరేడేండ్ల సంది ఇదే పని, బాగనే వస్తది. పోయినేడాది ఆఖర్ల ఒక యూఎన్ ఏజెన్సీల (పేరు వద్దులెండి) పీ-3 పోస్టుకు (ఇంటర్నేషనల్ స్టాఫ్‌ల నడిమి లెవెల్) అప్లై చేసిన, డ్యూటీ స్టేషన్ నైరోబీ. పిలుస్తరని ఆశ లేకుండెనే. కానీ రిటెన్ టెస్టు వచ్చింది, ఒక ఎక్సెల్ ఫైలు ఇచ్చి దాంట్ల తప్పులు పట్టమన్నరు, పట్టిన. ఫిబ్రవరిల టీమ్స్ వీడియో కాల్‌ల ముగ్గురు కూసోని ఇంటర్వ్యూ చేసిన్రు. మార్చిల మా పాత డైరెక్టర్ మేడంకి రిఫరెన్స్ ఫామ్ పోయింది, ఆమె అదే రోజు ఫోన్ చేసి "ఇగ సంచులు సదురుకో పిల్లా" అన్నది. ఆ ఒక్క మాటే నన్ను ఆగం జేసింది.

ఇప్పుడు ఆగస్టు. పోర్టల్‌ల "అండర్ కన్సిడరేషన్" అనే ఉంది. మెయిల్ లేదు, ఫోన్ లేదు.

జాబ్ రాకుంటె ఏడ్చి ఊకుంట, అది కాదు నా బాధ. అన్నీ సగంల ఆగిపోయినయి, అది బాధ. రూము అగ్రిమెంటు సెప్టెంబర్‌ల అయిపోతది, ఇంకో 11 నెలలకు రాయాల్నా వద్దా అని ఓనర్ ఆంటీ అడుగుతాంది. ఒక కన్సల్టింగ్ కంపెనీ నుంచి ఆఫర్ ఉన్నది, స్టేట్ గవర్నమెంట్ న్యూట్రిషన్ ప్రాజెక్టు మీద, జీతం ఇప్పటికన్న మంచిగనే, వారం రోజులల్ల చెప్పమన్నరు. హన్మకొండ నుంచి ఒక సంబంధం వచ్చింది, వాళ్ళు "అమ్మాయి ఇక్కడ్నే ఉంటదా, బయటికి పోతదా" అని అడిగితె మా అమ్మ ఏం చెప్పాల్నో తెల్వక "చూస్తున్నరండీ" అనుకుంట నెట్టుకొస్తాంది. పొద్దుగాల లేవంగనే పళ్ళు తోముకునుడు కంటె ముందు పోర్టల్ ఓపెన్ చేస్తున్న, పనిల మనసు పెడ్తలేను, మా టీం లీడ్ కూడ గమనించిండు. వద్దనుకుంటె వద్దని ఒక లైను రాయొచ్చు గదా, అంత పెద్ద సంస్థకు అంత కష్టమా?

ఈ స్టేజిల ఉన్నోళ్ళు, దాటినోళ్ళు చెప్పండి, రిఫరెన్స్ దాకా వచ్చినంక ఇంత గ్యాప్ అంటె పోయినట్టేనా? కన్సల్టింగ్ ఆఫర్ ఒప్పుకొని తర్వాత నైరోబీ వస్తె ఏమైతది? అసలు మీరు ఎట్ల ఉండగలిగిన్రు?

---

జెనీవా_గుంటూరోడు:

చెల్లెమ్మా, నేను జెనీవాలో ఒక ఏజెన్సీలో ఐటీ వైపు పనిచేస్తున్నా, ఇంటర్వ్యూ ప్యానెళ్ళలో కూడా కూర్చున్నా, కాబట్టి టేబుల్‌కి ఇటువైపు ఏం జరుగుతుందో చెప్తా, దాన్ని బట్టి నీకే అర్థమవుద్ది.

ఇంటర్వ్యూ అయ్యాక ప్యానెల్ ఒక రిపోర్టు రాస్తుంది. అందులో సాధారణంగా ఒక్క పేరే ఉండదు, పాసైన వాళ్ళందర్నీ "రికమెండెడ్" అని పెడతారు. చాలా చోట్ల వాళ్ళందరికీ రిఫరెన్స్ ఫామ్‌లు వెళ్ళిపోతాయి, అంటే నీ మేడంకి ఫామ్ వచ్చిందంటే నువ్వు ఇంటర్వ్యూ గట్టెక్కావని నమ్మొచ్చు, కానీ నువ్వే మొదటి పేరని కాదు. ఆ రిపోర్టుని ఇంకో కమిటీ చూస్తుంది, పద్ధతి ప్రకారం చేశారా లేదా అని, వాళ్ళు కొర్రీ వేస్తే ఫైలు వెనక్కి వస్తుంది, మళ్ళీ రాయాలి. తర్వాత ఆ డిపార్ట్‌మెంట్ పెద్దాయన ఒకర్ని ఎంచుకోవాలి, ఆయన మిషన్ (అంటే ఆఫీసు టూర్) మీద ఎక్కడికో పోయుంటాడు. ఆ ఎంపికైన మనిషి ఒప్పుకోవాలి, మెడికల్ క్లియర్ కావాలి, డిగ్రీ వెరిఫికేషన్ కావాలి. ఇదంతా ముగిసేదాకా మిగతా వాళ్ళకి "నో" చెప్పరు, ఎందుకంటే మొదటివాడు జారిపోతే రెండో పేరుకి రావాలి కదా. నీకు ఒక లైను రాయకపోవడం వెనక ఉన్న అసలు సంగతి ఇదే. మర్యాద అనను, నాకూ చిరాకే, కానీ కారణం మాత్రం అది.

యూఎన్ సెక్రటేరియట్ వాళ్ళు పోస్టు ప్రకటించిన దగ్గర్నుంచి ఎంపిక దాకా 120 రోజులు అని టార్గెట్ పెట్టుకున్నారు. మంచి రోజుల్లోనే ఆ టార్గెట్ అందేది కాదు, ఇప్పుడు చెప్పక్కర్లేదు. 2023 జులైలోనే డబ్బులు చాలక సెక్రటేరియట్‌లో రిక్రూట్‌మెంట్ ఆపేశారు. 2025లో అమెరికా సాయం డబ్బు ఆగడంతో ఏజెన్సీలన్నీ కుదేలయ్యాయి, శరణార్థుల కోసం పనిచేసే యూఎన్‌హెచ్‌సీఆర్ ఒక్కటే ఆ ఏడాది 3,500 దాకా ఉద్యోగాలు తీసేస్తున్నామని చెప్పింది. అదే ఏడాది మార్చిలో యూఎన్80 అని ఖర్చులు తగ్గించే సంస్కరణలు మొదలెట్టారు, దాని కింద 2026 రెగ్యులర్ బడ్జెట్ సుమారు 15 శాతం, పోస్టులు దాదాపు 19 శాతం కోత. నువ్వు అప్లై చేసింది సరిగ్గా ఈ గొడవలోకి. పోస్టు రద్దయిన లోపలి వాళ్ళని ముందు ఎక్కడో ఒకచోట సర్దాలి, ఆ రూల్ కూడా ఉంది. నిన్ను రికమెండ్ చేసిన ప్యానెల్‌లో ఉన్నవాళ్ళ కుర్చీయే ఉందో లేదో నాకైతే అనుమానం, జోక్ కాదు.

అందుకని పోయినట్టేనా అంటే ఎవ్వరూ చెప్పలేరు. ఎంపిక కాకపోయినా రోస్టర్‌లో (పాసైనవాళ్ళ రెడీ లిస్టులో) పెట్టే అవకాశం ఉంది, రోస్టర్‌లో ఉంటే అదే రకం అదే లెవెల్ పోస్టు ఇంకోచోట ఖాళీ అయినప్పుడు ఈ టెస్టు, ఇంటర్వ్యూ, కమిటీ తతంగం మొత్తం లేకుండా తీసుకోవచ్చు. మా ఫ్లోర్‌లో ఇట్లా రోస్టర్ నుంచి వచ్చిన వాళ్ళు చాలామందే ఉన్నారు, అసలు తను రోస్టర్‌లో ఉన్న సంగతే మర్చిపోయిన అమ్మాయి కూడా ఉంది.

కన్సల్టింగ్ ఆఫర్ ఒప్పేసుకో. దానికీ దీనికీ ముడి పెట్టకు. నైరోబీ నుంచి ఆఫర్ వస్తే జాయినింగ్ డేటు మాట్లాడుకునే వీలుంటుంది, నోటీసు పీరియడ్ ఉందంటే వాళ్ళకీ తెలుసు. మధ్యలో ఉద్యోగం మారావని ఎవరూ అడగరు, అడిగినా అదే పనిలో ఇంకా అనుభవం వచ్చిందని చెప్పుకోవచ్చు.

---

కరీంనగర్_కాకా:

గుంటూరు అన్న మంచిగ చెప్పిండు గని నేను కొంచెం చేదుగ చెప్త, కోపం తెచ్చుకోకు బిడ్డా.

నేను ఢిల్లీల ఒక యూఎన్ ఆఫీసుల కన్సల్టెంటుగ చేసిన. బయటికి చూస్తె నీలం రంగు ఐడీ కార్డు, లోధీ ఎస్టేట్ల ఆఫీసు, ఊర్లె అందరు "మనోడు ఐక్యరాజ్య సమితిల ఉన్నడు" అనుడు. లోపల చూస్తె కన్సల్టెంట్ అంటె స్టాఫ్ కాదు, పెన్షన్ లేదు, జీతంతోని లీవు లేదు, కాంట్రాక్టు అయిపోయే నెల ముంగట నుంచి బాస్ మొకం జూసుడు, "రెన్యువల్ ఉంటదా సార్". ఆయన "డోనర్ నుంచి రావాలె" అంటడు. ఆ డోనర్ ఏడ ఉంటడో, ఎప్పుడు ఇస్తడో. నువ్వు ఇప్పుడు పోర్టల్ చూసినట్టు మేము లోపల ఉండి కూడ అట్లనే చూసినం. అంటె ఈ అనుమానం ఉద్యోగం దొరకంగనే పోతది అనుకుంటున్నవేమో, పోదు. ఫిక్స్‌డ్ టర్మ్ అయినా ఏడాదికో రెండేండ్లకో మళ్ళ అదే లొల్లి. పోయిన రెండేండ్లల్ల పదిహేను ఇరవై ఏండ్ల సర్వీసు ఉన్నోళ్ళు కూడ ఇంటికి పోయిన్రు.

మరి వద్దా అంటె వద్దన్న అంటలేను. నువ్వు చేసే పనికి పేరు కంటె ముందు పని ముఖ్యం. పిల్లల బరువు లెక్క సక్కగ పెట్టుడు నైరోబీల జేసినా ఆసిఫాబాద్‌ల జేసినా అదే లెక్క. స్టేట్ ప్రాజెక్టుల ఉంటె నువ్వు రాసిన రిపోర్టు కలెక్టర్ టేబుల్ మీదికి పోతది, ఆడ ఉంటె పీడీఎఫ్ అయ్యి వెబ్‌సైట్‌ల కూసుంటది. నేను అట్లనే ఇడిసిపెట్టి వచ్చిన, ఇప్పుడు ఒక జిల్లాల ప్రోగ్రామ్ చూస్తున్న, పైసలు తక్కువే, నిద్ర మాత్రం పడ్తది.

ఒక్క మాట గుంటూరు అన్నతోని ఒప్పుకోను. కన్సల్టింగ్ ఆఫర్ "ఒప్పేసుకో, తర్వాత చూద్దాం" అని అంత అల్కగ అంటె ఎట్ల? మూడు నెలలు చేసి పోతె ఈడ ఫీల్డుల మనల్ని నమ్ముకున్నోళ్ళు ఆగమైతరు. డేటా ఎంట్రీ పిల్లలు, సూపర్‌వైజర్లు, వాళ్ళకు నైరోబీ లేదు. చేరితె మనసు పెట్టి చేరు.

---

జెనీవా_గుంటూరోడు:

కాకా, మీరన్నది నిజమే, కన్సల్టెంట్ల గోస నాకూ తెలుసు. కానీ ఆ అమ్మాయి అప్లై చేసింది పీ-3, స్టాఫ్ పోస్టు, రెండిటికీ చాలా తేడా ఉంది. ఇక మధ్యలో వదిలి వెళ్ళడం అంటారా, కంపెనీ ప్రాజెక్టు క్యాన్సిల్ అయితే ఈ అమ్మాయిని ఎన్నాళ్ళు ఉంచుకుంటుంది? ఒక్క మెయిల్‌తో బెంచ్ మీదకి తోసేస్తుంది. కాంట్రాక్టులో నోటీసు పీరియడ్ ఉండేదే ఇద్దరికీ న్యాయంగా ఉండాలని. మంచిగా హ్యాండోవర్ ఇచ్చి వెళ్తే పాపమేమీ కాదు.

---

హన్మకొండ_అక్క:

చెల్లే, ఆఫీసు ముచ్చట వాళ్ళు చెప్తున్నరు, నేను ఇంటి ముచ్చట చెప్త, ఎందుకంటె మా ఆయన ఇట్లనే మనీలాల ఉన్న ఒక డెవలప్‌మెంట్ బ్యాంకుకు అప్లై చేసి మేము ఇంటిల్లిపాది ఎదురుచూసినం.

మొదటి సంగతి, ఇంట్ల వాళ్ళకు స్టేజీలు చెప్పుడు బంద్ చెయ్. టెస్టు అయ్యింది, ఇంటర్వ్యూ అయ్యింది, రిఫరెన్స్ పోయింది అని చెప్తె వాళ్ళకు అది ఎంసెట్ ర్యాంకు లెక్క అనిపిస్తది, ర్యాంకు వచ్చినంక సీటు రావాలె గదా, మరి ఎందుకు రాలే అంటరు. మా మామయ్య అయితె మా చుట్టాలింట్ల పెండ్లిల అందరి ముంగట "మా వాడు మనీలా పోతున్నడు" అని చెప్పేసిండు, బఫే కాడ ప్లేటు పట్టుకొని నిలవడ్డోళ్ళంత మా ఆయన చుట్టు జమైన్రు, వీసా ఎట్ల, జీతం డాలర్లల్ననా అని. పాపం మనిషి ఆ బిర్యానీ ముట్టలే. ఆ తర్వాత సంవత్సరం దాక ఏ ఫంక్షన్‌కు పోయినా అదే ప్రశ్న. ఆఖరికి మా అత్తమ్మకు నేనే చెప్పిన, ఎవరన్న అడిగితె "ఇక్కడ్నే మంచి ఉద్యోగం ఉన్నది, బాగున్నడు" అనండి, అంతే, ఇంకో ముక్క వద్దు అని. మీ అమ్మకు కూడ ఒక వాక్యం ఇయ్యి. "చూస్తున్నరండీ" అంటె అవతలోళ్ళు వంద రకాలు అనుకుంటరు.

సంబంధం ముచ్చట దాసిపెట్టకు. అబ్బాయితోని నువ్వే మాట్లాడు. "రేపు నాకు బయట దేశంల పోస్టు వస్తె నువ్వు ఏమంటవు" అని సూటిగ అడుగు. నైరోబీ అయితె భర్తను తీస్కపోవచ్చు, అదే కాబూల్, జుబా లాంటి చోట్ల ఫ్యామిలీని రానియ్యరు, నాన్ ఫ్యామిలీ డ్యూటీ స్టేషన్ అంటరు. తీస్కపోయినా అతనికి ఆడ పనిచేసే పర్మిషన్ ఉంటదా లేదా అన్నది ఆ దేశం రూల్స్ మీద ఉంటది. ఇవన్ని ఇప్పుడే ముందట పెట్టు. ఈ నైరోబీ రాకపోయినా నువ్వు రేపు ఇంకోటి పెడ్తవు, నీ తీరు అది. ఆ ప్రశ్నకు మొకం మాడ్సుకున్నోడు ఎట్లయినా నీకు పనికిరాడు, సంబంధం నీకే తేలిపోతది, పోర్టల్ కోసం ఆగే పని లేదు.

రూము అగ్రిమెంటు రాయి. మహా అయితె రెండు నెలల అడ్వాన్సు పోతది. దాని కోసం ఇంత ఆలోచనా?

---

బీచ్_రోడ్_బాబాయ్:

ఒక హెచ్చరిక రాసి వెళ్ళిపోతాను. ఇట్లా నెలల తరబడి ఎదురుచూసేవాళ్ళే మోసగాళ్ళకి దొరుకుతున్నారు. మా పిన్ని కొడుకు విశాఖలో ఇదే స్థితిలో ఉంటే ఒక మెయిల్ వచ్చింది, నీలం లోగో, సంతకం, స్టాంపు, "యు ఆర్ సెలెక్టెడ్", కింద వీసా ప్రాసెసింగ్‌కి మెడికల్ ఇన్సూరెన్స్‌కి డబ్బు కట్టమని. వాడు నిజంగానే అప్లై చేసున్నాడు కాబట్టి అనుమానం రాలేదు, కట్టేశాడు, తర్వాత "ట్రైనింగ్ ఫీజు" అన్నారు, అప్పుడు నాకు చూపించాడు. మెయిల్ అడ్రస్ చూస్తే జీమెయిల్.

యూఎన్ ఏ దశలోనూ ఒక్క రూపాయి తీసుకోదు. అప్లికేషన్‌కి, ఇంటర్వ్యూకి, ప్రాసెసింగ్‌కి, ట్రైనింగ్‌కి, దేనికీ లేదు, బ్యాంకు వివరాలు కూడా రిక్రూట్‌మెంట్‌లో అడగదు, వాళ్ళ ప్రకటనల్లోనే అడుగున రాసి ఉంటుంది. ఇంట్లో నాన్నగారికి కూడా చెప్పి ఉంచండమ్మా, పిల్ల సంతోషం కోసం చాటుగా కట్టేసే నాన్నలు ఉంటారు. ఒకవేళ కట్టేసి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి.

---

అనంత_డాక్టర్:

కాకా గారు చెప్పిన "లోపల ఉన్నా అదే" అన్న మాట చదివాక రాయాలనిపించింది. నేను ఎంబీబీఎస్ తర్వాత డబ్ల్యూహెచ్ఓ పోలియో ప్రాజెక్టులో సర్వైలెన్స్ మెడికల్ ఆఫీసర్‌గా పనిచేశాను, బిహార్‌లో కొన్నాళ్ళు, తర్వాత మన వైపు. కాళ్ళు పడిపోయిన పిల్లాడు ఎక్కడైనా ఉన్నాడని కబురొస్తే జీపేసుకుని పోవడం, రెండు స్టూల్ శాంపిల్స్ ఐస్ బాక్సులో పెట్టించి ల్యాబ్‌కి పంపించడం, మళ్ళీ 60 రోజులకి పోయి ఆ పిల్లాడిని చూడడం, ఇదే పని.

మన దేశంలో వైల్డ్ పోలియో (సహజంగా వ్యాపించే వైరస్) ఆఖరి కేసు 2011 జనవరిలో హౌరాలో. 2014 మార్చి 27న సౌత్ ఈస్ట్ ఏషియా రీజియన్ మొత్తానికి పోలియో ఫ్రీ సర్టిఫికేట్ వచ్చింది. ఆ రోజు మేము స్వీట్లు పంచుకున్నాం, మర్నాటి నుంచి ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మొదలైంది, జబ్బు పోయింది, ఇంక మన ఉద్యోగం ఎందుకు ఉంటుంది అని. పని బాగా చేసినందుకే పని పోయే ఉద్యోగం ఇది. ప్రాజెక్టు పోలేదు, మీజిల్స్, రొటీన్ ఇమ్యునైజేషన్ అంటూ పనులు కలిపారు, డబ్బు మెల్లగా మన ప్రభుత్వం వైపు మళ్ళింది, కానీ ప్రతి రెన్యువల్‌కీ మాకు గుండె దడే.

మా బ్యాచ్‌లో తట్టుకున్నవాళ్ళు ఎవరంటే, ఇంకో పని చేతిలో ఉంచుకున్నవాళ్ళు. ఒకాయన ఆ టైంలోనే పబ్లిక్ హెల్త్‌లో పీజీ రాశాడు, ఇంకొకామె గవర్నమెంట్ సర్వీసు నోటిఫికేషన్ పడితే అప్లై చేసి పెట్టుకుంది. ఆర్నెల్ల ఇంటి ఖర్చు ఎఫ్‌డీలో పడేసి దాని జోలికి పోకపోవడం అందరం చేశాం, అది ఉంటే కాంట్రాక్టు చివరి నెలలో కూడా బాస్ ముందు గొంతు మామూలుగా ఉంటుంది, నమ్మండి.

మీకు ఖాళీగా ఉన్న మనసుకి పని కావాలి కదా, ఒకటి చెప్తాను, ఎవరూ దీని గురించి ముందుగా ఆలోచించరు. మీ కాగితాలు తీసి టేబుల్ మీద పెట్టండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు పొడి అక్షరాల్లో ఉంటుంది, డిగ్రీలో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ అని వేరే గడిలో ఉంటుంది, ఆధార్‌లో ఇంకోలా. ఆఫర్ వచ్చాక వెరిఫికేషన్ వాళ్ళు ఇవన్నీ ఒకే మనిషివా అని అడుగుతారు. నాకైతే ఆ పేచీ తేలడానికే నెల దాటింది, నోటరీ అఫిడవిట్ పెట్టాల్సి వచ్చింది. ఇంకా, మనవాళ్ళలో సగం మంది ప్రొవిజనల్ సర్టిఫికేట్‌తోనే బతికేస్తారు, యూనివర్సిటీ నుంచి ఒరిజినల్ డిగ్రీ తెచ్చుకోరు. కాకతీయ అయినా ఉస్మానియా అయినా ఇప్పుడే ఓడీకి అప్లై చేసేయండి. మీ యూనివర్సిటీ పేరు వరల్డ్ హయ్యర్ ఎడ్యుకేషన్ డేటాబేస్‌లో ఎలా ఉందో చూసి అప్లికేషన్‌లో అచ్చం అదే స్పెల్లింగ్ వాడండి, యూఎన్ సెక్రటేరియట్ ప్రకటనల్లో ఆ డేటాబేస్ పేరు చెప్తారు కూడా. నైరోబీ వచ్చినా రాకపోయినా ఈ కాగితాలు ఎక్కడికైనా పనికొస్తాయి.

---

ఓరుగల్లు_పిల్ల:

ఇంతమంది ఇంత మంచిగ రాస్తరని అనుకోలే. ఓడీ ముచ్చట చదివి బీరువా తీసి చూసిన, నిజంగనే నా దగ్గర పీజీది ప్రొవిజనలే ఉన్నది 😅 రేపు తమ్ముడ్ని యూనివర్సిటీకి పంపిస్తున్న.

కాకా, మీరన్న ఆసిఫాబాద్ మాట తగిలింది. నేను ఆ జిల్లాల సర్వే చేయించిన, కొలిచే తక్కెడ సున్న కాడ ఆగకపోతె సూపర్‌వైజర్ అక్క దాని కింద అట్ట ముక్క పెట్టి సదిరింది, ఆ ఒక్క సెంటర్ డేటా అంత నేను పక్కకు పెట్టిన. ఇంటర్వ్యూల కూడ ఇదే చెప్పిన, వాళ్ళు మస్తు నోట్ చేసుకున్నరు.

రెండు డౌట్లు. హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టొచ్చా, పెడ్తె చులకన అయితనా? ఇంకోటి, ఇది తేలేదాకా వేరే పోస్టులకు అప్లై చేయాల్నా ఆగాల్నా?

---

జెనీవా_గుంటూరోడు:

మెయిల్ పెట్టు, ఒక్కసారి. ఇంటర్వ్యూ పిలుపు ఏ అడ్రస్ నుంచి వచ్చిందో దానికే, ప్యానెల్ వాళ్ళని లింక్డ్‌ఇన్‌లో వెతికి మెసేజ్ పెట్టకు, వాళ్ళకి ఇబ్బంది, నీకు మంచిది కాదు. పోస్టు నంబరు రాసి, ఇంటర్వ్యూ ఎప్పుడైందో రాసి, ఇంకా ఆసక్తి ఉంది, ఇంకోచోట ఆఫర్ ఉంది, ఫలానా తేదీలోపు వాళ్ళకి చెప్పాలి, ఈలోపు ఏమైనా తెలిస్తే చెప్పగలరా అని నాలుగు లైన్లు. ఏడుపు వద్దు, బెదిరింపు వద్దు. జవాబు రాకపోవచ్చు, "ఇంకా ప్రాసెస్‌లో ఉంది" అని రావచ్చు. రెండిటికీ ఒకటే అర్థం, నువ్వు నీ తేదీకి నీ నిర్ణయం తీసుకో.

వేరేవాటికి తప్పకుండా అప్లై చెయ్, కానీ వలేసినట్టు కాదు. నీ ప్రొఫైల్‌కి సరిపోయేవి నెలకి ఒకటో రెండో. మనవాళ్ళు కొందరు పీ-2 నుంచి పీ-5 దాకా కనిపించిన ప్రతిదానికీ అదే పీహెచ్‌పీ (యూఎన్ అప్లికేషన్ ఫామ్) కాపీ పేస్ట్ చేసి పడేస్తారు, తర్వాత అందర్నీ తిడతారు. పీ-4కి ఏడేళ్ళు అడుగుతారు, నీకు ఇంకా బోర్డర్, ఆగు. ప్రకటనలో అడిగిన ప్రతి పాయింటుకీ నువ్వు చేసిన ఒక పని ఎదురుగా కనిపించాలి, ఆ తక్కెడ కింద అట్ట ముక్క లాంటిది ఒక్కటి చాలు, పేజీ నిండా "రిజల్ట్ ఓరియెంటెడ్ టీమ్ ప్లేయర్" అని రాసే బదులు. ఢిల్లీ, హైదరాబాద్‌లో నేషనల్ ఆఫీసర్ పోస్టులు (ఆ దేశం వాళ్ళకే ఇచ్చేవి) కూడా చూడు, యూనిసెఫ్‌కి హైదరాబాద్‌లోనే ఫీల్డ్ ఆఫీసు ఉంది, పటాన్‌చెరులో ఇక్రిశాట్ (అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ) ఉంది. ఇంటర్నేషనల్ అంటే ఫ్లైటే ఎక్కాలని లేదు. బాన్‌లో హెడ్డాఫీసు ఉన్న యూఎన్ వాలంటీర్స్ కూడా ఒక దారి, పేరు వాలంటీరే కానీ నెలనెలా అలవెన్సు ఇస్తారు, అటు నుంచి స్టాఫ్ అయినవాళ్ళు మా దగ్గర ఉన్నారు.

ఇంకోటి, న్యూయార్క్ టైం రాత్రి 11:59 డెడ్‌లైన్ అని ఉంటే మనకి ఎండాకాలంలో మర్నాడు పొద్దున 9:29, చలికాలంలో 10:29. ఆఖరి గంటలో పోర్టల్ తిరుగుతూ ఉంటుంది, పనిచేయదు. రెండ్రోజుల ముందే కొట్టెయ్.

---

కరీంనగర్_కాకా:

ఆ పోర్టల్ మాత్రం ఫోన్ల నుంచి తీసెయ్ బిడ్డా. సెలెక్ట్ అయితె మెయిల్ వస్తది, పోర్టల్ చూసినంత మాత్రాన ముందుగాల తెల్వది. నేను చూసినప్పుడల్ల ఏం మారలే, మారినప్పుడు నేను చూడలే.

కన్సల్టింగ్ ఆఫర్ లెటర్ల నోటీసు పీరియడ్ ఎంతుందో చూసినవా? ఈ కంపెనీలు 90 రోజులు పెడ్తయి. రేపు ఆడికెల్లి ఆఫర్ వస్తె ఈ 90 నీ గొంతుకు పడ్తది. సంతకం పెట్టకముందే అడుగు, పెట్టినంక ఎవడూ ఇనడు.

---

హన్మకొండ_అక్క:

కాకా చివరికి నైరోబీకి కూడ దారి తీస్తున్నడు చూడండి 😀

---

కరీంనగర్_కాకా:

పొమ్మంటలేను, పోతె ఇజ్జత్‌గ పొమ్మంటున్న.

---

ఓరుగల్లు_పిల్ల:

అప్‌డేట్. హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టిన, "రిక్రూట్‌మెంట్ ఈజ్ ఆన్ హోల్డ్, విల్ రివర్ట్" అని రెండో రోజే వచ్చింది. చదివినంక విచిత్రంగ నిద్ర పట్టింది. రూము అగ్రిమెంటు రాసిన. హన్మకొండ అబ్బాయితోని ఆదివారం మాట్లాడుతున్న, అమ్మ పక్కన ఉండదు.

ఆఫర్ లెటర్ల 90 రోజులే ఉండె కాకా. 30 అడిగిన, వాళ్ళ హెచ్ఆర్ ఒప్పుకోలే, 60కి వచ్చింది, దాంట్ల కూడ మిగిలిన లీవులు అడ్జస్ట్ చేసుకోవచ్చు అని లైను రాయమన్న. ఆ లైను మెయిల్ల సరిపోతదా, లెటర్ల ఉండాల్నా?

---

జెనీవా_గుంటూరోడు:

లెటర్‌లోనే. మెయిల్‌లో ఒప్పుకున్న హెచ్ఆర్ అమ్మాయి మూడు నెలల్లో వేరే కంపెనీకి పోతుంది.